ఇంట్లో ఒకే యూఎస్‌బీ ప్రింటర్‌ను అందరూ వాడుకోవాలంటే

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి పట్టణాల్లో ముందుగది దుకాణంగానూ వెనుక గదులు నివాసంగానూ ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇళ్లలోనూ, ఉపాధ్యాయులు, న్యాయవాదులు, దస్తావేజు లేఖరులు ఉండే ఇళ్లలోనూ ఒక నలుపు తెలుపు లేజర్ ప్రింటర్ కనిపించడం ఇప్పుడు విశేషమేమీ కాదు. అది సాధారణంగా యూఎస్‌బీ తీగతో ఒకే డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు తగిలించి ఉంటుంది. పహాణీ నకలు, ఆదాయ ధ్రువపత్రం, డిగ్రీ ప్రవేశాల దోస్త్ దరఖాస్తు, హాల్‌టికెట్, ఏది కావలసినా ఆ కంప్యూటర్ దగ్గరికే వెళ్లాలి. మేడ మీది గదిలో లాప్‌టాప్ ఉన్నవారు ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకొని కిందికి తెస్తారు; ఫోన్‌లో ఉన్నదాన్ని వాట్సాప్‌లో పంపుకొని, కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి తీసుకుంటారు. ఇంట్లో వైఫై ఉండగా ఈ తిప్పలు ఎందుకన్న ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానం ఇంటర్నెట్ వేగాన్ని బట్టో రౌటర్ ధరను బట్టో మారదు, ఇంట్లో ఉన్న ప్రింటర్ నమూనాను బట్టి మారుతుంది. చాలామంది రౌటర్ కొనడంతో మొదలుపెట్టి, తీరా ప్రింటర్ పలకకపోయేసరికి ఆగిపోవడానికి కారణం ఈ వరుస తప్పడమే.

యూఎస్‌బీ పద్ధతిలో రెండు చివరలకూ సమాన హోదా ఉండదు. 1996లో తొలి ప్రమాణం వచ్చినప్పటి నుంచీ ఒక చివర హోస్ట్, మరో చివర పరికరం అన్న విభజన ఉంది. మాట మొదలుపెట్టే అధికారం హోస్ట్‌కే ఉంటుంది, పరికరం అడిగినప్పుడే జవాబిస్తుంది. ఒక పరికరానికి ఒక సమయంలో ఒకే హోస్ట్ ఉండగలదు. తీగ పొడవుకూ హద్దు ఉంది, యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం అది 5 మీటర్లు. అందువల్ల ప్రింటర్‌ను పంచుకోవడం అంటే తీగను పంచుకోవడం కాదు. ఏదో ఒక యంత్రం ఆ ప్రింటర్‌కు శాశ్వత హోస్ట్‌గా ఉండి, ఇంట్లోని మిగతా యంత్రాల నుంచి పనులను నెట్‌వర్క్ ద్వారా అందుకొని, వరుసలో పెట్టి, ఒక్కొక్కటిగా ప్రింటర్‌కు అందించాలి. ఆ బాధ్యతను డెస్క్‌టాప్ కంప్యూటర్ తీసుకోవచ్చు, రౌటర్ తీసుకోవచ్చు, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ కూడా తీసుకోవచ్చు. ఈ మూడింటిలో ఏది తగినదన్నది తేలాలంటే ప్రింటర్‌కు ఏ భాష తెలుసో ముందుగా చూడాలి.

ఖరీదైన కార్యాలయ ప్రింటర్లలో పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ వంటి పుట వర్ణన భాషలను అర్థం చేసుకునే చిన్న కంప్యూటర్ లోపలే ఉంటుంది. ఫలానా చోట ఫలానా అక్షరం, ఫలానా మందంతో గీత అని చెబితే చాలు, పుటను చుక్కలుగా మార్చే పని ప్రింటరే చూసుకుంటుంది. మన దగ్గర ఇళ్లలో, జిరాక్స్ సెంటర్లలో ఏళ్ల తరబడి నడుస్తున్న చవక లేజర్ ప్రింటర్లకు ఆ శక్తి లేదు. కేనన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఇందుకు తగిన ఉదాహరణలు. రెండూ గట్టివి, టోనర్ కార్ట్రిడ్జ్‌ను తిరిగి నింపించుకోవడం సులువు, విడిభాగాలు దొరుకుతాయి. అందుకే అవి ఇంకా బతికే ఉన్నాయి. అయితే వీటిలో పుటను తయారుచేసే పని మొత్తం కంప్యూటర్‌దే. ప్రింటర్ తనకు అందిన చుక్కలను కాగితం మీద పరచడం తప్ప మరేమీ చేయదు.

కొంచెం లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. అంగుళానికి 600 చుక్కల చొప్పున ఏ4 పుట నిండా సుమారు 4,960 అడ్డు, 7,016 నిలువు చుక్కలు పడతాయి. చుక్కకు ఒక బిట్ అనుకున్నా, కుదించకుండా ఉంచితే ఒక పుటకు సుమారు 4.35 మెగాబైట్లు అవసరం. ఎల్‌బీపీ 2900లో ఉన్న జ్ఞాపకశక్తి 2 మెగాబైట్లు మాత్రమే. అంటే ఒక పూర్తి పుటను కుదించకుండా ఆ ప్రింటర్ ఎన్నడూ తన లోపల నిలుపుకోలేదు. కంప్యూటర్‌లోని డ్రైవర్, అంటే ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాము, ఆ చుక్కలను కుదించి, పట్టీలు పట్టీలుగా పంపుతూ, ప్రింటర్ స్థితిని మధ్యమధ్యలో అడిగి తెలుసుకుంటూ పోవాలి. కేనన్ సంస్థ క్యాప్ట్ అని పిలిచే పద్ధతి ఇదే. ఇది రెండు వైపులా సాగే సంభాషణ. ఒక వైపు నుంచి బైట్లను గుమ్మరించి చేతులు దులుపుకునే హోస్ట్‌తో ఇది పొసగదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే, ఎల్‌బీపీ 2900ను రౌటర్ వెనుక ఉన్న యూఎస్‌బీ రంధ్రంలో పెట్టి ఫలితం రాలేదని వాపోవడం చాలావరకు తప్పుతుంది.

లేజర్‌జెట్ 1020ది మరో రకం ఇబ్బంది. దానిని నడిపించే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము శాశ్వతంగా ప్రింటర్ లోపల ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ ఫర్మ్‌వేర్‌ను యూఎస్‌బీ తీగ ద్వారా పంపాలి, ఆ తరువాతే ప్రింటర్ మాట వింటుంది. విండోస్ డ్రైవర్ ఈ పనిని మౌనంగా చేసేస్తుంది కాబట్టి వాడేవారికి ఆ సంగతే తెలియదు. హోస్ట్‌గా విండోస్ కంప్యూటర్‌కు బదులు మరొక యంత్రం వచ్చినప్పుడు మాత్రం, ప్రింటర్‌కు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ ఫర్మ్‌వేర్‌ను మళ్లీ ఎవరు ఎక్కిస్తారన్న ప్రశ్న తలెత్తుతుంది. వేసవిలో ఈదురుగాలులు లేచినప్పుడల్లా కరెంటు పోయి వచ్చే ఊళ్లలో దీన్ని చిన్న విషయంగా తీసేయలేం. ఉదయం చక్కగా పనిచేసిన ఏర్పాటు సాయంత్రానికి మూగబోతే రౌటర్‌నో వైఫైనో నిందించే ముందు ప్రింటర్‌కు మధ్యలో కరెంటు పోయిందేమో చూడటం మంచిది.

ఇంకు ట్యాంకు ప్రింటర్ల పరిస్థితి కొంత నయం. ఉదాహరణకు ఎప్సన్ ఎల్ 3110 యూఎస్‌బీ మాత్రమే ఉన్న నమూనా. అయితే ఎప్సన్ తన ఇంక్‌జెట్‌ల కోసం ఇచ్చే ఈఎస్‌సీ/పీఆర్ డ్రైవర్ మూల సంకేతం (సోర్స్ కోడ్) బహిరంగంగా ఉంది, విండోస్‌కు బదులు వాడగల లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో డెబియన్ వంటి పంపిణీల్లో అది నేరుగా దొరుకుతుంది. అందువల్ల ఏ రకం ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్ మీదనైనా దానిని నడపవచ్చు. మూసిన డ్రైవర్లకు ఆ సౌలభ్యం లేదు. కేనన్ లినక్స్ కోసం ఇచ్చిన క్యాప్ట్ డ్రైవర్ ఇంటెల్ తరహా ప్రాసెసర్లకే తయారైంది; ఫోన్లలో, చిన్న బోర్డుల్లో ఉండే ఆర్మ్ ప్రాసెసర్ మీద అది నడవదు. స్వచ్ఛందంగా కొందరు రాసిన ప్రత్యామ్నాయ డ్రైవర్ ఉన్నప్పటికీ, దాన్ని సంకలనం (కంపైల్) చేసుకొని నిలబెట్టుకోవడం అలవాటు లేనివారికి అంత తేలిక కాదు.

ఇక హోస్ట్ ఎంపికకు వస్తే, ఖర్చు లేనిదీ పై చిక్కులన్నింటినీ దాటేదీ విండోస్ కంప్యూటర్ ద్వారా షేర్ చేయడమే. ప్రింటర్ ఇప్పటికే దానికి తగిలించి ఉంది, డ్రైవర్ ఇప్పటికే పనిచేస్తోంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ అన్న భాగంలో ఒక గడిలో టిక్ పెట్టి, ఖాళీలు లేని చిన్న పేరు ఇస్తే సగం పని అయినట్టే. మిగతా సగంలోనే చాలా ఇళ్లు ఇరుక్కుంటాయి. మొదటిది నెట్‌వర్క్ రకం: విండోస్ కొత్త వైఫైని పబ్లిక్‌గా పరిగణిస్తుంది, అలా ఉన్నంతకాలం ఫైళ్లనూ ప్రింటర్లనూ బయటికి చూపదు. సొంత ఇంటి వైఫై కాబట్టి దానిని ప్రైవేట్‌గా మార్చుకోవాలి. రెండవది సంకేతపదం. నాలుగంకెల పిన్‌తో కంప్యూటర్ తెరవడానికి అలవాటుపడినవారు మరో గదిలోని లాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు అదే పిన్ కొడతారు. పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం, నెట్‌వర్క్ ద్వారా వచ్చేవారికి అది చెల్లదు. ఖాతాకు చెందిన అసలు పాస్‌వర్డే కావాలి. ఇందుకోసం హోస్ట్ కంప్యూటర్‌లో ప్రింటింగ్ కోసమే ఒక సాధారణ స్థానిక ఖాతా సృష్టించి, దానికొక పాస్‌వర్డ్ పెట్టి, అదే ఖాతా వివరాలను ఇంట్లోని మిగతా యంత్రాల్లో ఒకసారి నమోదు చేసి ఉంచడం అన్నింటికన్నా శుభ్రమైన మార్గం. పాస్‌వర్డ్ రక్షణను పూర్తిగా తీసేయమని చెప్పే సలహాలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అవి పాతబడ్డాయి, 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశం ముందుగానే మూసివేసి ఉంటుంది.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే పాత చిట్కాలు ఇప్పుడు ఎందుకు పనిచేయడం లేదో అది తెలియజేస్తుంది. విండోస్ 7తో పాటు 2009లో వచ్చిన హోమ్‌గ్రూప్ అనే సౌకర్యం ఈ పనిని చాలా సులభం చేసింది. 2018లో విండోస్ 10 1803 రూపంలో దానిని తొలగించారు. 2021 జూలైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే పేరుతో, ముద్రణ పనులను వరుసలో నడిపే విండోస్ ప్రింట్ స్పూలర్‌లో తీవ్రమైన భద్రతా లోపం బయటపడింది. ప్రింటర్ డ్రైవర్ ముసుగులో దూరం నుంచి ఏ ప్రోగ్రామునైనా కంప్యూటర్‌లోకి ఎక్కించగల లోపం అది. ఆ తరువాత ఆగస్టులో వచ్చిన సవరణతో, షేర్ చేసిన ప్రింటర్ నుంచి డ్రైవర్‌ను దించుకోవాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కులు తప్పనిసరి అయ్యాయి. సెప్టెంబరు సవరణల తరువాత ఎన్నో చోట్ల, నవీకరణల్లో హోస్ట్ ఒక స్థాయిలో, వాడే యంత్రం మరొక స్థాయిలో ఉన్నప్పుడు 11బీ అని ముగిసే ఎర్రర్ సంఖ్య చూపించి ప్రింటర్ జత కావడం ఆగిపోయింది. దానికి విరుగుడుగా, విండోస్ లోపలి అమరికల పట్టిక అయిన రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేయమనే చిట్కా విస్తృతంగా వ్యాపించింది. అది పనిచేస్తుంది, కానీ మూసిన తలుపును మళ్లీ తెరవడం లాంటిది. రెండు యంత్రాలనూ నవీకరించడం, వాడే యంత్రంలో డ్రైవర్‌ను విడిగా ముందే ఎక్కించి, లోకల్ పోర్టు అనే ఎంపికలో హోస్ట్ కంప్యూటర్ పేరూ షేర్ పేరూ రాసి జత చేయడం ఇంతకంటే మేలు. డ్రైవర్ అప్పటికే ఉంది కాబట్టి నెట్‌వర్క్ ద్వారా దించుకునే ప్రసక్తే రాదు.

హోస్ట్‌గా ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఇంకా విండోస్ 7 ఉంటే, అదీ 32 బిట్ల రూపమైతే, విండోస్ 11 లాప్‌టాప్‌కు సరిపోయే డ్రైవర్ దాని దగ్గర ఉండదు. పై పద్ధతి తప్ప దారి లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు కూడా 2025 అక్టోబరు 14తో ముగిసింది. తయారీదార్లు ఇచ్చే డ్రైవర్లకు విండోస్ ద్వారా అందించే సేవలను దశలవారీగా ముగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే ప్రకటించింది. కాబట్టి పాత ప్రింటర్ ఉన్నవారు పనిచేస్తున్న డ్రైవర్ ఇన్‌స్టాల్ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లో భద్రపరుచుకోవడం మరచిపోకూడదు.

విండోస్ షేరింగ్‌కు ఉన్న అసలైన లోపం వేరే. ఆ కంప్యూటర్ మేల్కొని ఉంటేనే మిగతావారికి ప్రింటర్ ఉంటుంది. రాత్రి పది గంటలకు మేడ మీద చదువుకునే పిల్లకు రికార్డు పుట కావాలంటే కింద డెస్క్‌టాప్ ఆన్ చేయాల్సిందే. పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ను ఆపివేస్తే పగటిపూట ఇబ్బంది తీరుతుంది కానీ, రోజంతా డెస్క్‌టాప్‌ను నడిపించడం కరెంటు బిల్లులో కనిపిస్తుంది. దుకాణం ఉన్న ఇంట్లో ఎలాగూ ఆ కంప్యూటర్ పొద్దున్నుంచి రాత్రి దాకా నడుస్తుంది కాబట్టి అక్కడ ఇది సమస్యే కాదు, మరో ఏర్పాటు వెతకాల్సిన పనీ లేదు.

రౌటర్‌ను హోస్ట్‌గా వాడే ఆలోచన వినడానికి ఎంతో అందంగా ఉంటుంది: అది ఇరవై నాలుగు గంటలూ వెలుగుతూనే ఉంటుంది, కరెంటు తక్కువ తింటుంది. అయితే ఫైబర్ కనెక్షన్‌తో పాటు సేవాసంస్థలు ఇచ్చే పెట్టెల్లో యూఎస్‌బీ రంధ్రం ఉన్నా, చాలావాటిలో అది పెన్‌డ్రైవ్ వంటి నిల్వ పరికరాలకే ఉద్దేశించినది. విడిగా కొనే కొన్ని రౌటర్లలో ప్రింటర్‌ను నెట్‌వర్క్‌కు అందించే ప్రింట్ సర్వర్ అనే వసతి ఉంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రౌటర్లలో పీ910ఎన్‌డీ అనే చిన్న ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. ఇది 9100 సంఖ్య గల పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) దగ్గర కూర్చొని, వచ్చిన బైట్లను ఉన్నవి ఉన్నట్టుగా యూఎస్‌బీలోకి నెడుతుంది. రౌటర్‌లో స్థలం తక్కువ కాబట్టి పనులను వరుసలో దాచుకోదు, డ్రైవర్ అసలే ఉండదు. డ్రైవర్ పని మొత్తం లాప్‌టాప్‌లో జరిగి, తుది చుక్కలు మాత్రమే రౌటర్ గుండా పోతాయి. పీసీఎల్ తెలిసిన ప్రింటర్‌కు ఇది హాయిగా సరిపోతుంది. లేజర్‌జెట్ 1020కైతే, ప్రింటర్ వెలిగినప్పుడల్లా ఫర్మ్‌వేర్ పంపే చిన్న స్క్రిప్టును రౌటర్‌లో పెట్టుకోవాలి. క్యాప్ట్ ప్రింటర్లను ఈ దారిలో ప్రయత్నించడం కాలయాపన. ఫోన్ నుంచి ముద్రణకు కూడా ఈ మార్గం దాదాపు పనికిరాదు, ఎందుకంటే ఫోన్‌లో ఆ పాత ప్రింటర్ల డ్రైవర్లు ఉండవు.

కొన్ని రౌటర్ కంపెనీలు యూఎస్‌బీ తీగనే నెట్‌వర్క్ మీద పొడిగించినట్టు చేసే యుటిలిటీ ఇస్తాయి. లినక్స్‌లో యూఎస్‌బీఐపీ అనే వసతి కూడా ఇదే తరహాది. వీటితో రెండు వైపుల సంభాషణ జరుగుతుంది కాబట్టి మొండి ప్రింటర్లు కూడా పలికే అవకాశం ఉంది. కానీ ఒకరు ప్రింటర్‌ను పట్టుకున్నంతసేపు మరొకరికి అది అందదు. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో సర్దుకోవచ్చేమో కానీ, దానిని పంచుకోవడం అనడం కష్టం.

మూడో మార్గం చిన్న కంప్యూటర్. రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డు మీద లినక్స్, దాని మీద కప్స్ అనే ముద్రణ వ్యవస్థ. కప్స్ 1999లో మొదలైంది; 2002లో ఆపిల్ దానిని తన మ్యాక్ కంప్యూటర్లలోకి తీసుకుంది, 2007లో దాని మూల సంకేతాన్నే కొనేసింది, అయినా అది బహిరంగంగానే కొనసాగుతోంది. ఐపీపీ అనే ముద్రణ నియమావళి ఆధారంగా 631 పోర్టు మీద నడుస్తుంది. దీనికి తోడు అవాహీ అనే సేవ ఉంటే, ఇంటి నెట్‌వర్క్‌లోని యంత్రాలకు ఇక్కడొక ప్రింటర్ ఉందని ప్రకటిస్తూ ఉంటుంది. ఈ ఏర్పాటు విలువ ఫోన్ల దగ్గర తెలుస్తుంది. ఐఫోన్‌లో 2010 నుంచి ఎయిర్‌ప్రింట్, ఆండ్రాయిడ్‌లో 2013 నాటి 4.4 రూపం నుంచి ముద్రణ వసతి ఉన్నాయి. ఫోన్ తన పుటను పీడీఎఫ్‌గానో మామూలు చిత్రంగానో కప్స్‌కు పంపుతుంది, కప్స్ దానిని ఇంట్లోని పాత ప్రింటర్‌కు అర్థమయ్యే చుక్కలుగా మార్చి ఇస్తుంది. డ్రైవర్ ఒక్కచోటే, ఆ చిన్న పెట్టెలోనే ఉంటుంది. విండోస్ షేరింగ్‌తో ఫోన్‌కు ఈ సుఖం దొరకదు.

రాస్ప్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ వంటి అతి చిన్న బోర్డు సరిపోతుందా అన్నది తరచూ వచ్చే సందేహం. వచన పుటలకు సరిపోతుంది, చిత్రాలతో నిండిన పీడీఎఫ్ ఇస్తే నిదానిస్తుంది. నలుపు తెలుపు పుటకు నాలుగున్నర మెగాబైట్లలోపే అయినా, అదే పుటను 24 బిట్ల రంగుల్లో 600 చుక్కల సాంద్రతతో తయారుచేయాలంటే వంద మెగాబైట్లు దాటుతుంది. అంత సరుకును చిన్న ప్రాసెసర్ నమిలేసరికి కొంత సమయం పడుతుంది. రంగు ప్రింటర్ ఉన్నవారు 2021లో వచ్చిన జీరో 2 డబ్ల్యూ లేదా అంతకంటే పెద్ద బోర్డు ఎంచుకోవడం నయం. ఈ చిన్న బోర్డులు రెండూ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టగలవు. పాత రాతి గోడలూ మీద స్లాబూ ఉన్న ఇళ్లలో అదే ఒక రకంగా మంచిది, ఎందుకంటే గోడలు దాటడంలో 5 గిగాహెర్ట్జ్ కంటే అదే నిలుస్తుంది. ఎల్‌బీపీ 2900 ఉన్నవారికి మాత్రం ఆర్మ్ బోర్డు బదులు, మూలన పడి ఉన్న పాత ఇంటెల్ లాప్‌టాప్ మంచి హోస్ట్. తెర పగిలినా, కీబోర్డు పాడైనా ఫరవాలేదు.

తెలుగులో పనిచేసేవారికి నెట్‌వర్క్ ముద్రణ వల్ల కలిగే ఒక మేలు గురించి చెప్పేవారు తక్కువ. డీటీపీ పనుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన ఫైళ్లు నడుస్తున్నాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగల అక్షర సంకేతాలు) కావు. అలాంటి ఫైలునో, ఆ ఫాంట్లతో చేసిన వర్డ్ పత్రాన్నో పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ప్రింటర్ ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే, అక్కడ ఆ ఫాంట్ లేనప్పుడు పెళ్లిపత్రిక బదులు అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల వరుస వస్తుంది. యూనికోడ్ పత్రమే అయినా, ఫాంట్ మారితే వరుసలు జారి, ఒక పుటలో ఇమిడిన దరఖాస్తు రెండో పుటలోకి పోతుంది. నెట్‌వర్క్ ద్వారా ముద్రించినప్పుడు పత్రం తెరుచుకొని ఉన్న కంప్యూటర్‌లోనే, అక్కడి ఫాంట్లతోనే పుట కూర్పు జరుగుతుంది. విండోస్ షేరింగ్‌లో పుటను వాడే కంప్యూటర్‌లోనే తయారుచేయాలన్న ఎంపికను అలాగే ఉంచుకుంటే ఈ విషయంలో దిగులు ఉండదు. ఒత్తులు విరగడం, గుణింతాలు పక్కకు జరగడం వంటి చికాకుల్లో చాలావరకు ఫైలును ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి మోయడం వల్ల వచ్చేవే.

ఇళ్లలో కనిపించే మరో చిక్కు రెండు రౌటర్లది. కింద ఫైబర్ పెట్టె, మేడ మీద సిగ్నల్ అందక తెచ్చుకున్న మరో రౌటర్. రెండోదాన్ని పెట్టెలోంచి తీసి వాన్ (ఇంటర్నెట్ తీగ కోసం ఉండే) రంధ్రంలో తీగ పెట్టేస్తే అది తనదైన మరో నెట్‌వర్క్‌ను సృష్టిస్తుంది. కిందివారి చిరునామాలు 192.168.1తో మొదలైతే పైవారివి 192.168.0తో మొదలవుతాయి. ఇంటర్నెట్ ఇద్దరికీ వస్తుంది కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. ప్రింటర్ ప్రకటన మాత్రం ఆ హద్దు దాటదు. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ విధానంలోకి, అంటే సొంత నెట్‌వర్క్ సృష్టించకుండా ఉన్నదాన్నే అందించే విధానంలోకి, మార్చడమే దీనికి మందు. గెస్ట్ వైఫైకి జత అయిన ఫోన్లకు ప్రింటర్ కనబడకపోవడం కూడా ఇలాంటిదే, అక్కడ ఆ అడ్డు కావాలనే పెట్టింది. హోస్ట్ యంత్రానికి రౌటర్‌లో ఒక స్థిర చిరునామా కేటాయించడం కూడా ఈ సందర్భంలోనే చేసుకోవాలి, లేకపోతే కరెంటు పోయి వచ్చాక చిరునామా మారి, జత చేసిన ప్రింటర్లన్నీ ఆఫ్‌లైన్ అని చూపిస్తాయి. ఇంటర్నెట్ తీగ ఎక్కడో తెగినా ఇంట్లో ముద్రణకు ఆటంకం లేదని కూడా చెప్పుకోవాలి. గూగుల్ క్లౌడ్ ప్రింట్ 2020 డిసెంబరు 31తో మూతపడిన తరువాత, ఇంటి లోపలి పనికి బయటి సర్వర్ మీద ఆధారపడటంలోని నష్టం చాలామందికి అర్థమైంది.

కరెంటు సంగతి విడిగా చూడాలి. రౌటర్, చిన్న బోర్డు కలిసి కొద్ది వాట్లతో నడుస్తాయి, ఇన్వర్టర్ మీద ఉంచవచ్చు. లేజర్ ప్రింటర్‌ను ఉంచకూడదు. టోనర్‌ను కాగితానికి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. చిన్న యూపీఎస్ అయితే కీచుమని ఆగిపోతుంది. కాబట్టి ప్రింటర్‌ను నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టడం, హోస్ట్‌ను ఇన్వర్టర్ లైనులో ఉంచడం సరైన విభజన.

భద్రత విషయంలో ఇంటివారికి అవసరమైన జాగ్రత్తలు కొద్దివే. 631 పోర్టునో విండోస్ షేరింగ్ పోర్టునో రౌటర్‌లో బయటి ప్రపంచానికి తెరవకూడదు. కప్స్‌కు అనుబంధమైన ఒక సేవలో 2024 సెప్టెంబరులో వెలుగుచూసిన లోపాలు అలా తెరిచి ఉంచినవారికే ఎక్కువ ముప్పు. రెండోది మన దగ్గర మరింత ముఖ్యమైనది. ముద్రించేవాటిలో ఆధార్ ప్రతులు, బ్యాంకు పాస్‌బుక్ పుటలు, భూమి కాగితాలు ఉంటాయి. కప్స్ తన సహజ అమరికలో ముద్రించిన ఫైలును ఒక రోజు పాటు దాచి ఉంచుతుంది, మళ్లీ ముద్రించుకునే వీలు కోసం. ఒకే వైఫైని ఇంటి యజమానీ అద్దెకున్నవారూ వాడుకునే చోట ఈ నిల్వను ఆపివేయడం సముచితం.

ఇన్ని చిక్కులకంటే వైఫై ఉన్న కొత్త ప్రింటరే కొనవచ్చు కదా అంటే, కొన్ని ఇళ్లలో అదే సబబు. నెలకు పది పుటలు కూడా ముద్రించని ఇంట్లో ఉన్న ప్రింటర్ పాడైపోతే, యూఎస్‌బీ మాత్రమే ఉన్న నమూనాను మళ్లీ కొనడంలో అర్థం లేదు. కానీ చవకగా టోనర్ నింపించుకుంటూ వేల పుటలు తీస్తున్న పాత లేజర్‌ను వైఫై లేదన్న ఒక్క కారణంతో పక్కన పెట్టడం నష్టమే. అలాంటి చోట దుకాణం కంప్యూటర్ ఉంటే విండోస్ షేరింగ్, లేకపోతే పాత లాప్‌టాప్ మీద కప్స్ అన్నది సరిపోయే నిర్ణయం. రౌటర్ దారి పీసీఎల్ ప్రింటర్ ఉన్నవారికే.

ఏ దారి ఎంచుకున్నా చివరగా సరిచూడాల్సింది ముద్రణ పనుల వరుస ప్రవర్తన. కరెంటు పోయిన సమయంలో ప్రింట్ నొక్కితే ఏమీ రాదు. నొక్కినవారు మళ్లీ నొక్కుతారు, ఇంకోసారీ నొక్కుతారు. విండోస్‌లో ఆ పనులన్నీ వరుసలో కూర్చొని, కరెంటు రాగానే ఒకే దరఖాస్తు ప్రతులు నాలుగైదు బయటికి వస్తాయి. కప్స్‌లో దాని అమరికను బట్టి దీనికి వ్యతిరేకం జరగవచ్చు: ప్రింటర్ అందలేదన్న మొదటి పొరపాటుకే వరుసను నిలిపివేసి, ఎవరైనా వచ్చి కొనసాగించమనే దాకా అలాగే ఉంటుంది, కరెంటు వచ్చినా కదలదు. కప్స్ వెబ్ పుటలో ఆ ప్రింటర్ ఎర్రర్ పాలసీని ఆపివేత నుంచి తిరిగి ప్రయత్నించే విధానానికి మార్చితే, ప్రింటర్ మళ్లీ వెలిగిన కొద్దిసేపటికి ఆగిన పని దానంతట అదే పూర్తవుతుంది. ఏర్పాటు పూర్తయిన రోజునే, ఒక పుట పంపి మధ్యలో ప్రింటర్ ప్లగ్ తీసి పెట్టి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది. లేజర్‌జెట్ 1020 ఉన్న ఇంట్లో ఫర్మ్‌వేర్ తిరిగి ఎక్కుతోందో లేదో కూడా అదే పరీక్షలో బయటపడుతుంది.